భాస్కరాచార్యుడు - కర్ణసూత్రము

బట్టను మూరలతో కొలుతురు. పొలమును గొలుసుతో కొలుతురు. కొలువవలసిన వస్తువు చేతికి అందునంత వరకు కొలత కష్టమైన పని కాదు. కాని నిండు చెరువులో తలయెత్తి నిలిచిన తామర ఎంత లోతునుండి పైకి వచ్చినది? తాటిచెట్టు మొవ్వ నుండి కాలువగట్టు దనుక ఏటవాలుగా మోకు కట్టవలెనన్న ఎన్ని మూరల మోకు కావలెను? నడుమ ముళ్ళపొదలు అడ్డమున్న పొలమునకు ఈ మూల నుండి ఆ మూలకు నేరుదూరమెంత? ఇచ్చట మూరకోల పనిచేయదు, గొలుసును పనిచేయదు. నడువ వీలులేని దూరమును, నడువదగిన రెండు దూరముల నుండి రాబట్టు ఉపాయము తెలిసియుండవలెను. ఆ యుపాయము భారతదేశమున బహు ప్రాచీనమైనది. అయినను దానిని యజ్ఞశాల నుండియు రాజాస్థానము నుండియు వెలికిదీసి, వెదురుబొంగు, తామరపువ్వు, నెమలి, పాము, కోతి అను ఊరివారి వస్తువులతో కలిపి, చదువుకొను ప్రతి బాలునికిని అందునట్లు చెప్పిన మహనీయుడు భాస్కరాచార్యుడు.

భాస్కరుడు శాలివాహనశకము 1036వ సంవత్సరమున, అనగా క్రీస్తుశకము 1114లో జన్మించెను. ఈ సంగతిని ఆతడే తన గ్రంథమున చెప్పుకొనెను. ఆతని ఊరు సహ్యపర్వత ప్రాంతమునందలి విజ్జడవిడము. గోత్రము శాండిల్యము. తండ్రి మహేశ్వరుడు జ్యోతిషమున దిట్ట. భాస్కరునకు తండ్రియే గురువు. ఆ వంశమున విద్య తరతరములుగా వచ్చుచుండెను. వారి పూర్వులలో భాస్కరభట్టు అను నొకడు భోజరాజు వలన విద్యాపతి యను బిరుదమును పొందెనని వంశచరిత్రము తెలుపుచున్నది. ఆ భట్టునకు భాస్కరాచార్యుడు ఆరవతరము వాడు. ఇంటిలో తాళపత్రములు, వాకిట శిష్యులు, రాత్రివేళ ఆకాశమున గ్రహనక్షత్రములు: ఇవియే ఆ బాలుని పరిసరములు.

ఆ కాలమున దక్కనును కల్యాణి చాళుక్యులు ఏలుచుండిరి. భాస్కరుని జీవితకాలములోనే వారి ప్రభ తగ్గి, ఉత్తరమున దేవగిరి యాదవులును, తూర్పున ఓరుగల్లు కాకతీయులును విజృంభించిరి. రాజ్యముల హద్దులు మారుచుండెను, సైన్యములు తిరుగుచుండెను. అట్టి కాలమున ఒక పండితుని ఇంట కాలము చెరపలేని హద్దులను గూర్చియు, రేఖలను గూర్చియు అధ్యయనము సాగుచుండెను.

భాస్కరుడు బోధించిన ప్రధానసూత్రము ఆతడు కనిపెట్టినది కాదు. ఆతడును అట్లు చెప్పుకొనలేదు. క్రీస్తునకు కొన్ని శతాబ్దములకు ముందే శుల్బసూత్రములను రచించిన ఋషులు యజ్ఞవేదికలను నిర్మించుటకై త్రాడును కొలతసాధనముగా గ్రహించిరి. శుల్బమనగా త్రాడు. దీర్ఘచతురస్రమునకు మూల నుండి మూలకు లాగిన త్రాడుపై కట్టిన చతురస్రము, పొడవుపై కట్టిన చతురస్రమును, వెడల్పుపై కట్టిన చతురస్రమును కలిసినంత యగునని బౌధాయనుడు చెప్పెను. ఆపస్తంబుడును చెప్పెను. ఆంధ్రదేశమున వైదికకర్మలయందు ఆపస్తంబసూత్రమును అనుసరించు కుటుంబములు నేటికిని మెండు. కావున ఈ సూత్రముతో తెలుగువారికి గల బంధుత్వము నిన్న మొన్నటిది కాదు. గ్రీసుదేశమున ఇదే సత్యము క్రీస్తుపూర్వము ఆరవ శతాబ్దివాడైన పైథాగరసు పేర ప్రసిద్ధి కెక్కినది. పాఠశాలలలో విద్యార్థులు నేర్చుకొను పైథాగరసు సిద్ధాంతము ఇదియే. తరువాత ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు మొదలగు వారు దీనిని గ్రహగణితమునకు వినియోగించిరి.

పూర్వులు ఇచ్చిన ఈ సంపద నంతయు జీర్ణించుకొని భాస్కరుడు తన 36వ ఏట, క్రీస్తుశకము 1150లో, సిద్ధాంతశిరోమణిని రచించెను. దానిలో నాలుగు భాగములు: లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోళాధ్యాయము. మొదటిది అంకగణితమును క్షేత్రగణితమును బోధించును. రెండవది తెలియని రాశులను తెలిసికొను విద్య. తక్కిన రెండును ఆకాశమునకు సంబంధించినవి. నాలుగును శ్లోకములలోనే యున్నవి. కాగితము దొరకని ఆ దినములలో విద్యార్థి పలకపై దుమ్ము చల్లి వ్రేలితో లెక్కలు చేసి తుడిచివేయవలసినదే. చెరిగిపోయిన లెక్క పోగా మనస్సున నిలుచునది శ్లోకమొక్కటే. అందువలన సూత్రము పద్యముగా నుండుట అలంకారము కొరకు కాదు, అవసరము కొరకు.

లీలావతి యను పేరునకు ఒక కథ కలదు. లీలావతి భాస్కరుని కుమార్తె యనియు, ఆమె వివాహమునకు తగిన శుభముహూర్తము ఒక్కటే యుండగా, దానిని గుర్తించుటకై అడుగున రంధ్రము గల గిన్నెను నీటిలో తేలవిడిచిరనియు, బాలిక కుతూహలముతో వంగి చూచునప్పుడు ఆమె ఆభరణము నుండి ముత్యమొకటి జారి ఆ రంధ్రమును మూసెననియు, ముహూర్తము దాటిపోగా తండ్రి ఆమె దుఃఖము తీర్చుటకు ఆమె పేరు చిరకాలము నిలుచునట్లు గ్రంథమును రచించెననియు చెప్పుదురు. ఈ కథ 1587లో అక్బరు ఆస్థానకవి ఫైజీ లీలావతిని పారసీకమునకు తెచ్చినపుడు అందు చేర్చినది. మూలగ్రంథమున దీని ప్రసక్తి లేదు. అందలి ప్రశ్నలు కొన్ని బాలను ఉద్దేశించి, కొన్ని చెలికానిని, కొన్ని వర్తకుని ఉద్దేశించి అడుగబడినవి. కథ యథార్థమైనను కాకున్నను, కఠినమైన శాస్త్రమును ఇంటిలోని బిడ్డకు చెప్పినంత లాలనతో చెప్పిన గ్రంథమని జనులు దానిని భావించిరనుటకు ఈ కథయే సాక్ష్యము.

లీలావతి మొదట కొలతలను నిర్ణయించును. 8 యవగింజల వెడల్పు ఒక అంగుళము. 24 అంగుళములు ఒక హస్తము, అనగా మూర. 4 హస్తములు ఒక దండము. 2000 దండములు ఒక క్రోశము. 4 క్రోశములు ఒక యోజనము. ధాన్యపుగింజతో మొదలైన కొలత యోజనము వరకు ఒకే మెట్లవరుసగా నడచును. పిదప కూడిక, తీసివేత, వర్గము, వర్గమూలము, వడ్డీలెక్కలు మున్నగునవి వచ్చును. వాని తరువాత క్షేత్రవ్యవహారము. అచ్చటనే కర్ణసూత్రము దర్శనమిచ్చును.

రెండు గీతలు నిలువునకు అడ్డముగ, మూలమట్టమునకు సరిపోవునట్లు కలిసినచో, అందొకటి భుజము, మరియొకటి కోటి. వాని కొనలను కలుపు ఏటవాలు గీత కర్ణము. భుజవర్గమును కోటివర్గమును కూడి వర్గమూలము తీసినచో కర్ణము వచ్చును. కర్ణవర్గము నుండి భుజవర్గమును తీసి మూలము గ్రహించినచో కోటి వచ్చును. కోటివర్గమును తీసినచో భుజము వచ్చును. కోటి 4, భుజము 3 అయినచో 16 యును 9 యును కలిసి 25. దాని మూలము 5. ఇదియే లీలావతి యిచ్చు తొలి యుదాహరణము. మూడింటిలో ఏ రెండు తెలిసినను మూడవది దాగియుండజాలదు. పొలమున తూర్పుగా 12 దండములును, అచ్చటి నుండి ఉత్తరముగా 5 దండములును నడచిన వాడు మొత్తము 17 దండములు నడచును. బయలుదేరిన చోటికి వానికిని గల నేరుదూరము 13 దండములే. ఆ 13 దండముల దారిలో ముళ్ళపొదలున్నను, మడుగున్నను లెక్కకు అడ్డము లేదు.

సూత్రము ఇంతమాత్రమే. కాని భాస్కరుడు ఉత్తమ ఉపాధ్యాయుడు. సూత్రము వల్లెవేసిన వాడు దానిని వాడగలవాడు కాడని ఆతడెరుగును. కావున ఆతడు వరుసగా ప్రశ్నలను సంధించెను. ఒకదాని కంటె మరియొకటి గడుసైనది.

మొదట వెదురుబొంగు. నేలపై నిలిచిన 32 మూరల వెదురు గాలివేగమునకు ఒకచోట విరిగెను. విరిగిన కొన మొదటికి 16 మూరల దూరమున నేలను తాకెను. మొదటికి ఎన్ని మూరల యెత్తున విరిగినది? ఇచ్చట కోటి తెలియదు, కర్ణమును తెలియదు. తెలిసినది వాని మొత్తము 32 అను మాట యొక్కటే. భుజము 16. దాని వర్గము 256. దానిని 32 చేత భాగింపగా 8 వచ్చును. ఇది కర్ణమునకును కోటికిని గల భేదము. మొత్తమైన 32 నుండి 8 తీసి సగము చేసినచో 12. 32 కు 8 కూడి సగము చేసినచో 20. వెదురు 12 మూరల యెత్తున విరిగినది, విరిగిన ముక్క 20 మూరలు. 12 వర్గము 144, 16 వర్గము 256, రెండును కలిసి 400. అది 20 వర్గమే. లెక్క సరిపోయినది.

తరువాత తామర. చెరువునీటిపై తామరమొగ్గ అరమూర యెత్తున నిలిచియున్నది. మెల్లగా వీచిన గాలికి అది వంగి, మొదటి చోటికి 2 మూరల దూరమున నీట మునిగినది. నీటిలోతెంత? చెరువులోనికి దిగనక్కరలేదు, గడకర్ర పెట్టనక్కరలేదు. తామర నిలిచినపుడు దాని పొడవు లోతు కంటె అరమూర యెక్కువ. వంగినపుడు అదే పొడవు కర్ణమైనది, లోతు కోటియైనది, 2 మూరలు భుజమైనవి. 2 వర్గము 4. దానిని అరచేత భాగింపగా 8. అందుండి అర తీయగా ఏడున్నర. దానిలో సగము మూడుముప్పాతిక. లోతు మూడుముప్పాతిక మూరలు. నీటి అడుగున కానరాని మట్టిని, నీటిపై కానవచ్చు పువ్వు చూపించుచున్నది.

మూడవది నెమలి, పాము. 9 మూరల స్తంభముపై పెంపుడునెమలి కూర్చున్నది. స్తంభము మొదట పాముపుట్ట. పాము స్తంభమునకు 27 మూరల దూరమునుండి తన పుట్టవైపు వచ్చుచుండగా నెమలి చూచి దానిపై ఏటవాలుగా దుమికెను. రెండును సమానమైన దూరము సాగి కలిసికొన్నచో, ఆ స్థలము పుట్టకెంత దూరము? 9 వర్గము 81. దానిని 27 చేత భాగింపగా 3. 27 నుండి 3 తీసి సగము చేయగా 12. పుట్టకు 12 మూరల దూరమున అవి కలిసెను. పాము ప్రాకినది 15 మూరలు, నెమలి ఎగిరినదియు 15 మూరలే. నెమలి పాము ఉన్నచోటికి ఎగురలేదు, అది రాబోవు చోటికి ఎగిరినది. ఎగిరిన దారిని ఎవరును త్రాటితో కొలువలేదు. అయినను అది లెక్కకు లొంగినది.

నాలుగవ ప్రశ్నలో రెండు కోతులు 100 మూరల చెట్టుపై నున్నవి. చెట్టుకు 200 మూరల దూరమున బావి కలదు. ఒకటి చెట్టు దిగి నేలపై బావి కడకు నడచెను. రెండవది చెట్టుకొన నుండి పైకి కొంత యెగిరి, అచ్చటి నుండి కర్ణమార్గమున బావి కడకు దుమికెను. ఇద్దరి దారియు సమానమే. రెండవది పైకి ఎంత యెగిరినది? 50 మూరలు. మొదటి కోతి 100 మూరలు దిగి 200 మూరలు నడచి 300 మూరల ప్రయాణము చేసినది. రెండవది 50 మూరలు ఎగిరి 250 మూరల కర్ణమున దిగినది. 150 వర్గము 22500, 200 వర్గము 40000. రెండును కలిసి 62500, దాని మూలము 250. చిన్నబిడ్డ నవ్వుచు చదువదగిన కథలోపల పెద్దవారు తడబడదగిన బీజగణితము దాగియున్నది.

ఈ యుదాహరణములలో మూలములన్నియు చక్కగా తేలిపోయినవి. కాని లోకమున కొలతలు అంత దయగలవి కావు. భుజమును కోటియు రెండును మూడుంపాతిక మూరలే యైనచో కర్ణవర్గము 169 ని 8 చేత భాగించినంత. దానికి ఖచ్చితమైన మూలము లేదు. భాస్కరుడు ఇచ్చట విద్యార్థిని విడిచిపెట్టలేదు. లవమును హారముచే గుణించి 1352 చేసి, దానిని 10000 అను పెద్ద వర్గముచే గుణించి, వచ్చిన దానికి దాదాపు మూలమైన 3677 ను గ్రహించి, 800 చేత భాగింపుమని చెప్పెను. కర్ణము 4 మూరలును, మూరలో 800 భాగములకు 477 భాగములును అగును. గుణించు వర్గము పెద్దదైనకొలది సామీప్యము పెరుగును. నిజమైన విలువ అందకున్నను, దానికి కావలసినంత చేరువకు పోవచ్చును. వడ్రంగికిని, తాపీపనివానికిని, జ్యోతిషికిని కావలసినది అదియే.

సూత్రమును నమ్ముమని మాత్రమే చెప్పి ఊరకుండుట భాస్కరుని స్వభావము కాదు. ఉపపత్తి తెలియని గణకుడు పండితసభలో గౌరవము పొందజాలడనియు, తనకును సందేహము తీరదనియు ఆతని యభిప్రాయము. కావుననే తన గ్రహగణితమునకును గోళాధ్యాయమునకును తానే వాసనాభాష్యమను వ్యాఖ్యను రచించెను. బీజగణితమున భుజము 15, కోటి 20 గల త్రిభుజమును గైకొని కర్ణసూత్రమునకు ఉపపత్తిని చూపెను. అట్టి త్రిభుజములను నాలుగింటిని కర్ణములు వెలుపలికి వచ్చునట్లు చుట్టును అమర్చినచో, కర్ణముపై నిలిచిన పెద్దచతురస్రము ఏర్పడును. నడుమ చిన్నచతురస్రమొకటి మిగులును. దాని ప్రక్క 20 కిని 15 కిని గల భేదము, అనగా 5. ఒక్కొక్క త్రిభుజపు వైశాల్యము 150, నాలుగును కలిసి 600. నడిమి చతురస్రము 25. మొత్తము 625. దాని మూలము 25. అదియే కర్ణము. నాలుగు తాటియాకు ముక్కలను కత్తిరించి నేలపై పేర్చిన ఏ బాలుడైనను ఈ సత్యమును కన్నులార చూడవచ్చును.

ఇంత లాలనగల గురువునకు కోపమును కలదు. మతిలేని ప్రశ్నలను ఆతడు సహింపడు. నాలుగు ప్రక్కలు 3, 6, 2, 12 గల చతుర్భుజమును గూర్చియు, మూడు ప్రక్కలు 3, 6, 9 గల త్రిభుజమును గూర్చియు ఎవడైన ఫలమడిగినచో, అట్టి క్షేత్రమే లేదని తెలిసికొనుమని చెప్పెను. ఒక ప్రక్క తక్కిన ప్రక్కల మొత్తము కంటె అధికమైనను, దానికి సమానమైనను క్షేత్రమేర్పడదు. సందేహమున్నచో ఆ కొలతలుగల తిన్నని పుల్లలను నేలపై పేర్చి చూపవలెనని ఉపాయమును చెప్పెను. నేరుదారి కంటె చుట్టుదారి ఎప్పుడును పెద్దది యను లోకవిదితమైన సత్యమే ఈ నియమమునకు మూలము. అట్లే నాలుగు ప్రక్కలను మాత్రము చెప్పి, కర్ణమును గాని లంబమును గాని చెప్పక చతుర్భుజ వైశాల్యమడుగువాడు పిశాచమనియు, దానికి సమాధానము చెప్పబోవువాడు అంతకు మించిన పిశాచమనియు చీవాట్లు పెట్టెను. నాలుగు కర్రల చట్రమును మూలల యొద్ద నొక్కినచో ప్రక్కలు మారకయే ఆకారము మారును గదా! మూల నుండి మూలకు ఒక్క కర్ర బిగించిన తరువాతనే చట్రము కదలక నిలుచును. పొలము కొలుచువాడు ఈ మాటను మరచినచో ఒక రైతు భూమి మరియొకని పాలగును. గురువు కోపమునకు కారణము అది.

నేలపై నేర్పిన విద్యనే భాస్కరుడు ఆకాశమునకు పంపెను. 12 అంగుళముల శంకువును ఎండలో నిలిపినచో, నీడ భుజము, శంకువు కోటి, శంకువుకొన నుండి నీడకొన వరకు గల దూరము ఛాయాకర్ణము. నీడ 5 అంగుళములైనచో కర్ణము 13, నీడ 9 అయినచో కర్ణము 15. వీని నుండి సూర్యుని ఔన్నత్యమును, పగటికాలమును, స్థలముయొక్క అక్షాంశమును గ్రహింతురు. గోళాధ్యాయమున ఆతడు అనేక యంత్రములను వర్ణించి, చివరకు ధీయంత్రమును ప్రశంసించెను. అది ఒక కర్ర మాత్రమే. కర్ర పట్టుకొని దూరపు వెదురుయొక్క మొదటిని, కొనను చూచి, ఆ కర్ర నేలతో చేయు చిన్న త్రిభుజము నుండి వెదురు దూరమును ఎత్తును చెప్పవచ్చును. బుద్ధిగలవానికి ఈ కర్ర యుండగా ఇతర యంత్రములతో పనియేమని ఆతని భావము.

ఈ విద్య ఎంత దూరము వరకు చెల్లునో ఆతడెరుగును. భూమి గుండ్రమైనదని ఆతడు స్పష్టముగా బోధించెను. చూపునకు బల్లపరుపుగా నున్న భూమి గుండ్రమెట్లగును అని సందేహించువారికి, ఏ వృత్తమునందైనను పరిధిలో నూరవవంతు తిన్నని గీతవలె కనబడునని సమాధానమిచ్చెను. ఆతని లెక్కచే భూపరిధి 4967 యోజనములు. నూరవవంతు దాదాపు 50 యోజనములు. మనుష్యుడు ఒకచోట నిలిచి చూడగలిగినది అందులో స్వల్పభాగము. కావున వానికి నేల చదునుగా తోచును. చదునుగా తోచునంత మేర భుజకోటి కర్ణముల లెక్క ఇబ్బంది లేక నడచును. దేశముల నడుమ దూరమునకు వృత్తభాగమునే గ్రహింపవలెను. ఉజ్జయిని నిరక్షరేఖకు భూపరిధిలో పదునారవవంతు దూరమున నున్నదని ఆతడు చెప్పెను. అది దాదాపు 310 యోజనములు. ఇచ్చట ఆతడు తిన్నని రేఖను వాడలేదు. పనిముట్టు పదునును, దాని హద్దును రెండును తెలిసినవాడే నిజమైన పనివాడు.

భాస్కరుని శ్రమ సిద్ధాంతశిరోమణితో ముగియలేదు. 1183 కాలమునకు చెందిన గణనలతో కరణకుతూహలమను గ్రంథమును రచించెను. అప్పటికి ఆతనికి 69 ఏండ్లు. సిద్ధాంతశిరోమణి పండితుల కొరకైనచో, కరణకుతూహలము పంచాంగము చేయువారి సౌకర్యము కొరకు. గ్రహస్థానములను సులభముగా గణించు మార్గములు అందు గలవు. యౌవనమున బాలుర కొరకు నెమలి కథ చెప్పినవాడు వార్ధక్యమున పల్లెటూరి పంచాంగకర్త భారమును తగ్గింపబూనెను.

ఆచార్యుని కుమారుడు లక్ష్మీధరుని యాదవరాజు జైత్రపాలుడు తన ఆస్థానమునకు పిలిపించుకొని పండితులలో అగ్రగణ్యునిగా నిలిపెను. కాకతీయ రుద్రదేవుని యుద్ధమున వధించి, గణపతిదేవుని చెరపట్టి, పిదప విడిచిపెట్టిన యాదవరాజు ఈ జైత్రపాలుడే. ఒకవంక తెలుగుదేశముతో యుద్ధము, మరియొకవంక గణితమునకు గౌరవము. లక్ష్మీధరుని కుమారుడు చంగదేవుడు సింఘణరాజునకు ఆస్థాన జ్యోతిషికుడయ్యెను. ఈ మనుమడు తాతయెడల ఋణము తీర్చుకొనిన విధము ప్రత్యేకముగా స్మరింపదగినది.

1207లో చంగదేవుడు తాతగారి గ్రంథములను చదివించుటకై ఒక మఠమును స్థాపించెను. మహారాష్ట్రములోని చాళీస్‌గావ్ సమీపమున గల పాటణము దాని స్థానము. నికుంభవంశపు సామంతులు దానికి భూదానము చేసిరి. ఆ వివరములను తెలుపు శాసనము అచ్చటి దేవీ ఆలయమున కలదు. పందొమ్మిదవ శతాబ్దమున భావుదాజీ యను విద్వాంసుడు దానిని లోకమునకు ఎరుకపరచెను. భాస్కరుని వంశవృక్షము దానివలననే తెలియవచ్చినది. శాసనము తొలిభాగము సంస్కృతము. కడపటి భాగము మరాఠీ, ఆ భాష తొలినాటి శాసనములలో ఒకటి. ఆ ఊరి వర్తకము నుండియు, గానుగల నూనె నుండియు మఠమునకు చెందవలసిన భాగములు అందు పేర్కొనబడినవి. రాజులు భూమి నిచ్చిరి. ఊరివారు తమ బేరములో కొంత, తమ నూనెలో కొంత ఇచ్చిరి. అందరును కలిసి పోషించినది గ్రంథపఠనమును.

దేవగిరి రాజ్యము నూరేండ్లు గడచి కొంచెమైన తరువాత అస్తమించెను. మఠమున పాఠములు ఎన్నడో ఆగిపోయినవి. కాని గ్రంథము ఆగలేదు. 1545లో గణేశదైవజ్ఞుడు లీలావతికి బుద్ధివిలాసిని యను వ్యాఖ్యను రచించెను. కృష్ణదైవజ్ఞుడు బీజగణితమును వ్యాఖ్యానించెను. కేరళమున శంకరవారియరు మొదలుపెట్టిన క్రియాక్రమకరీ వ్యాఖ్యను నారాయణుడు పూర్తిచేసెను. తెలుగున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పద్యములలోనికి తెచ్చి మార్గము చూపగా, ఎలుగంటి పెద్దన లీలావతిని ప్రకీర్ణగణితమను పేర తెనిగించెను. మొగలుల కాలమున ఫైజీ లీలావతిని, అతావుల్లా రష్దీ బీజగణితమును పారసీకము చేసిరి. 1816లో జాన్ టేలరు బొంబాయిలో లీలావతి ఆంగ్లానువాదమును ప్రకటించెను. మరుసటియేట కోల్‌బ్రూకు అనువాదము లండనులో వెలువడెను. వెదురును, తామరను, నెమలిని పరదేశీయులును చదివిరి. 1979లోను, 1981లోను భారతదేశము భూమిని పరిశీలించుటకై ఆకాశమునకు పంపిన రెండు ఉపగ్రహములకు భాస్కర యను పేరు పెట్టబడినది. ఆర్యభటీయమును వ్యాఖ్యానించిన ఏడవ శతాబ్దపు భాస్కరుడును, ఈ ఆచార్యుడును అందు స్మరింపబడిరి.

కాలము మారినను ఆతడు బోధించిన పద్ధతి మారలేదు. రెండు గ్రామముల నడుమ బాట చెరువులను కొండలను చుట్టి 15 కిలోమీటర్లు పోవచ్చును. పటమున ఒక ఊరు రెండవదానికి తూర్పుగా 6 కిలోమీటర్లును, ఉత్తరముగా 8 కిలోమీటర్లును ఉన్నచో, నేరుదూరము 10 కిలోమీటర్లే. పటములు గీయువాడును, వంతెన కట్టువాడును, విద్యుత్తు తీగను స్తంభము నుండి స్తంభమునకు లాగువాడును, క్షణములో లెక్క తేల్చు నేటి యంత్రమును ఈ భుజకోటి వర్గములనే కూడవలసియున్నది. పునాదిత్రాడు లాగు తాపీమేస్త్రీ మూలమట్టము సరిచూచుకొనుటకు ఒకవైపు 3 మూరలు, రెండవవైపు 4 మూరలు గుర్తుపెట్టి, నడుమ 5 మూరలు వచ్చునా యని చూచును. ఆ మేస్త్రీకి లీలావతి పేరు తెలియకపోవచ్చును. లీలావతి తొలి యుదాహరణము మాత్రము ఆతని త్రాటిలో నున్నది.

భాస్కరాచార్యుడు రాజ్యములను జయించినవాడు కాడు. ఆతని కాలపు రాజుల హద్దురాళ్ళు ఎచ్చట నుండెనో చరిత్రకారులు వెదకి చెప్పవలసివచ్చుచున్నది. ఆతడు నిలిపిన వెదురు 12 మూరల యెత్తున విరుగుచునే యున్నది, ఆతని తామర మూడుముప్పాతిక మూరల నీటిలో నిలిచియే యున్నది. ఎనిమిదివందల యేండ్ల క్రిందట ఒక మనుమడు శాసనము చెక్కించి, ఒక ఊరు గానుగనూనెలో పాలిచ్చి, ఆ గ్రంథమును చదివించెను. అది చదివిన బాలుడు చెరువుగట్టున నిలిచి, దిగకయే లోతును చెప్పగలిగెను.